చిరునామా మారితే ఆగిపోయే పింఛను

2000లో రిటైరైన బ్రిటన్ ఉద్యోగికి అక్కడి ప్రభుత్వం ఇచ్చిన పూర్తి పింఛను వారానికి 67.50 పౌండ్లు. ఆయన లండన్‌లోనే ఉండిపోయి ఉంటే 2025-26లో ఆ పింఛను 176.45 పౌండ్లు. రిటైరైన ఏడాదే హైదరాబాద్ వచ్చేసి ఉంటే ఇప్పటికీ 67.50 పౌండ్లే. రెండు సందర్భాల్లోనూ పింఛను కోసం కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ చందా ఒకటే, పనిచేసిన ఏళ్లూ అన్నే. తేడా ఇంటి చిరునామాలోనే ఉంది.

దీన్ని అక్కడివాళ్లు ‘ఫ్రోజెన్ పెన్షన్’ అంటారు. పింఛను ఏ దేశంలో ఉన్నా ఇస్తారు కానీ, ఏటా ఏప్రిల్‌లో జరిగే పెంపు మాత్రం దానికి బ్రిటన్‌తో ఒప్పందం ఉన్న కొన్ని దేశాలకే వర్తిస్తుంది. ఐరోపా యూనియన్ దేశాలు, అమెరికా, ఫిలిప్పీన్స్, జమైకా, మారిషస్‌లలో ఉంటే పెరుగుతుంది. భారత్, పాకిస్థాన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలలో ఉంటే పెరగదు. కెనడాలో స్థిరపడినవాడికి ఆగిపోయి, సరిహద్దు దాటి అమెరికాలో స్థిరపడినవాడికి పెరిగే పింఛను ఇది. ఇలా ఆగిపోయిన పింఛనుతో బతుకుతున్నవాళ్లు ప్రపంచవ్యాప్తంగా సుమారు నాలుగున్నర లక్షల మంది. వాళ్లలో అత్యధికులు కామన్వెల్త్ దేశాల్లోనే ఉన్నారు.

హైదరాబాద్‌లో ఖర్చు తక్కువ కదా, పెంపు ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఖర్చే లెక్క అయితే మనీలాలో ఉన్నవాడికి పెంచి సిడ్నీలో ఉన్నవాడికి ఆపడం ఏ లెక్క? రూపాయి విలువ పడిపోవడం మనవాళ్లకు కొంత ఊరటనిచ్చిన మాట నిజమే. 2000లో పౌండుకు 70 రూపాయల లోపు వస్తే, 2025లో 110 దాటి వచ్చాయి. కానీ ఈ పాతికేళ్లలో బియ్యం, మందులు, ఇంటి అద్దె ఎంతకు పెరిగాయో ఇల్లు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ నిబంధనను కోర్టులో సవాలు చేసిన కేసుల్లో ప్రసిద్ధమైనది యానెట్ కార్సన్‌ది. బ్రిటన్‌లో పనిచేసి దక్షిణాఫ్రికాలో స్థిరపడిన ఆమె పింఛను 2000లో 67.50 పౌండ్ల దగ్గర ఆగిపోయింది. ఇది వివక్ష అంటూ ఆమె హైకోర్టుకు, అప్పీల్ కోర్టుకు, చివరికి అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వెళ్లారు. 2005లో అయిదుగురు లార్డ్స్‌లో నలుగురు ఆమె వాదనను తోసిపుచ్చగా, లార్డ్ కార్స్‌వెల్ ఒక్కరు ఆమె పక్షాన నిలిచారు. తర్వాత మరో 12 మందితో కలిసి ఆమె స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తలుపు తట్టారు. అక్కడా 2010 మార్చి 16న 11-6 తేడాతో ఓడిపోయారు.

ఆ తీర్పు సారం తెలుసుకోదగ్గది. నేషనల్ ఇన్సూరెన్స్ చందా ప్రైవేటు బీమా ప్రీమియం లాంటిది కాదు. ఆ సొమ్ముతో ఇతర సంక్షేమ చెల్లింపులూ జరుగుతాయి, కాబట్టి చందా కట్టినంత మాత్రాన పెంపు హక్కుగా రాదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు, ఒప్పందం ఉన్న దేశాల్లో ఉన్నవాళ్లు, ఒప్పందం లేని దేశాల్లో ఉన్నవాళ్లు ఒకే స్థితిలో లేరు కనుక పోల్చడమే కుదరదు. ఏ దేశంతో ఒప్పందం చేసుకోవాలో ప్రభుత్వాల ఇష్టం. చట్టపరంగా ఈ తర్కంలో పెద్ద లొసుగు లేకపోవచ్చు. కానీ జీతంలోంచి చందా కోసేటప్పుడు నువ్వు రేపు ఎక్కడ ఉంటావని ఎవరూ అడగలేదన్న సంగతి ఇందులో ఎక్కడా కనిపించదు.

మరి పింఛనుదారు అప్పీలు చేసి లాభమేమిటి? నిబంధన మీద అప్పీలు చేస్తే ఏమీ లేదు, ట్రైబ్యునల్ దాన్ని మార్చలేదు. వాస్తవాల మీద చేస్తే చాలా ఉంది. చందా కట్టిన ఏళ్లు తక్కువగా లెక్కేశారా, దేశం వదిలిన తేదీ తప్పుగా రాశారా అన్నవి చూసుకోవాలి. నిర్ణయం వచ్చిన నెల లోపు ముందుగా పునఃపరిశీలన కోరాలి. అదీ తోసేస్తే మరో నెలలో ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. విదేశానికి ఉత్తరం చేరేసరికే ఈ గడువులో కొంత కరిగిపోతుంది, అది వేరే సంగతి.

నివాసం మీద అసలు తగాదా వచ్చేది బ్రిటన్‌కు తిరిగి వెళ్లినప్పుడు. శాశ్వతంగా వెళితే పింఛను పూర్తి రేటుకు చేరుతుంది. చుట్టపుచూపుగా వెళ్లినా ముందుగా తెలియజేస్తే అక్కడున్నన్ని రోజులూ పెరిగిన రేటే ఇస్తారు, వెనక్కి రాగానే మళ్లీ పాత రేటు. తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకిచ్చే పెన్షన్ క్రెడిట్ మాత్రం విదేశాల్లో ఉన్నవాళ్లకు రాదు. అది కావాలంటే తిరిగి వెళ్లినవాళ్లు తాము అక్కడే స్థిరపడ్డామని రుజువు చేసుకోవాలి, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా సరే. అద్దె ఒప్పందం, డాక్టరు దగ్గర నమోదు, ఇక్కడి ఇల్లు ఖాళీ చేసిన కాగితాలు అది నిరాకరిస్తే చేసే అప్పీలులో పనికొస్తాయి.

తెలుగువాళ్లకు దీనితో బంధం పాతదే. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివి 1960, 70లలో బ్రిటన్ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్)లో చేరిన డాక్టర్లు ఎందరో. వాళ్లలో తిరిగొచ్చినవాళ్ల సంగతి విచిత్రం. ఉద్యోగానికి సంబంధించిన ఎన్‌హెచ్‌ఎస్ పింఛను ఎక్కడ ఉన్నా ధరలతో పాటు పెరుగుతుంది. ప్రభుత్వ పింఛను మాత్రం వచ్చిన రోజే గడ్డకడుతుంది. ఒకే మనిషికి అదే దేశం నుంచి వచ్చే రెండు పింఛన్లలో ఒకటి పెరుగుతుంది, ఒకటి పెరగదు. చిన్న దుకాణంలోనో మిల్లులోనో పనిచేసి వచ్చినవాడికి ఆ మొదటిది కూడా లేదు.

కోర్టు దారి మూసుకుపోయాక మిగిలింది ప్రభుత్వాల దారే. ఆస్ట్రేలియా ఈ విషయం మీదే విసిగి 2001లో బ్రిటన్‌తో సామాజిక భద్రతా ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. 2025 జులైలో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేసిన భారత్, తాత్కాలికంగా వెళ్లే ఉద్యోగులు రెండు దేశాల్లోనూ చందా కట్టనక్కర్లేకుండా ఏర్పాటు సాధించింది. అది ఐటీ కంపెనీలకు మంచిదే. కానీ చందా కట్టి ముసలైపోయి తిరిగొచ్చినవాళ్ల పింఛను పెంపు అందులో లేదు. ఆ పెంపును కూడా తర్వాతి చర్చల ఎజెండాలో చేర్చమని కేంద్రాన్ని మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి.