చెవులు పిడి కాదు

కుందేలుకు తెలుగులో చెవులపిల్లి అనే పేరూ ఉంది. ఆ పేరు మహిమేమో, పిల్లను ఇంటికి తేగానే చాలామంది చెయ్యి ముందు చెవుల మీదికే వెళ్తుంది. తప్పు అక్కడే మొదలవుతుంది.

కుందేలు వేటకు బలయ్యే జంతువు. కాళ్లు నేలను విడిచాయంటే దాని లెక్కలో గద్ద తన్నుకుపోతున్నట్టే. ప్రాణభయంతో వెనక కాళ్లు ఝాడిస్తుంది. ఆ కాళ్లకు బలం జాస్తి. ఎముకలు మాత్రం తేలిక, శరీర బరువులో దాదాపు 8 శాతమే. పట్టు సరిగా లేకుంటే ఆ విసురుకే నడుం విరిగి కాళ్లు చచ్చుబడవచ్చు. అందుకే ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది పిరుదుల కింద ఉంచి ఒంటికి ఆనించుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేల మీద కూర్చునే దాన్ని నిమరాలి.

మలమూత్రాల అలవాటు ఇంతకంటే సులువు. కుందేలు తనంతట తానే ఒక మూలను ఎంచుకుంటుంది. ట్రే పెట్టాల్సింది అక్కడే, యజమానికి నచ్చిన చోట కాదు. అడుగున చింపిన న్యూస్‌పేపరు, ఓ పక్కన ఎండుగడ్డి వేస్తే చాలు. తింటూనే పెంటికలు వేయడం దాని స్వభావం కనుక సగం శిక్షణ ఆ గడ్డే ఇస్తుంది. బయటపడ్డ పెంటికలను ట్రేలో వేస్తే వాసన మిగతా పని చూసుకుంటుంది. పిల్లుల కోసం అమ్మే, తడికి ఉండకట్టే మట్టి మాత్రం వద్దు. మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. కసిరితే నేర్చుకునేది భయమొక్కటే.

4-5 నెలల వయసులో నేర్చిందంతా మరిచినట్టు గోడల మీద మూత్రం చిమ్మవచ్చు. అది మొండితనం కాదు, ఈడు రావడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. అయితే కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవమున్న పశువైద్యుడిని ముందే వెతికి పెట్టుకోవాలి.