కూచిపూడిని మలిచిన పరదేశాలు

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని ఊళ్లోకి వెళితే ఇందిరాగాంధీ స్టేడియం వస్తుంది. అదే రోడ్డు మీద రెండో దిక్కుకు సాగి కంకిపాడు, ఉయ్యూరు దాటి, పామర్రులో చల్లపల్లి వైపు మళ్లితే కూచిపూడి. 2016 డిసెంబరులో ఆ స్టేడియంలో 6,117 మంది నర్తకులు ఒక్కసారిగా అడుగు కలిపి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనాన్ని తలపెట్టింది కాలిఫోర్నియాలోని తెలుగువారు స్థాపించిన సిలికానాంధ్ర. 2008లో కుపర్టినోలో మొదలైన ఈ సమ్మేళనాలు హైదరాబాద్ మీదుగా కృష్ణా తీరానికి చేరాయి.

ప్రవాసులే కళను బతికించారని అప్పట్లో కొందరు మురిసిపోయారు. కళను లెక్కల పాలు చేశారని మరికొందరు బాధపడ్డారు. రెండూ తొందరపాటు మాటలే. కూచిపూడి ఏనాడూ ఒక్క అగ్రహారం నాలుగు గోడల మధ్య పెరిగిన నాట్యం కాదు. వెళ్లినవాళ్లూ వచ్చినవాళ్లూ కలిసి దాన్ని మలిచారు.

కూచిపూడికి పక్కనే ఉన్న మొవ్వనే చూడండి. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య ఆ ఊరి గోపాలుణ్ణి గుండెలో పెట్టుకుని మధుర, తంజావూరు, గోలకొండ ఆస్థానాలు తిరిగాడు. ఆయన పదాలు తమిళ దేశపు దేవదాసీల గొంతుల్లో తరతరాలు నిలిచాయి. వాళ్ల వారసురాలు తంజావూరు బాలసరస్వతి 1960లలో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో నాట్యం నేర్పింది. మన ఐటీ ఇంజనీర్లు విమానం ఎక్కడానికి చాలా ముందే, తెలుగు ఇంటి భాష కాని ఒక మహానర్తకి వెంట మన పదం అట్లాంటిక్ దాటింది. తంజావూరు దగ్గరి మెలట్టూరులో నృసింహ జయంతికి ఇప్పటికీ తెలుగు యక్షగానాలే ఆడతారు. వలస వెళ్లిన చోట కళ పలచబడుతుందనే వాళ్లు ఒకసారి ఆ ఊరు చూసి రావాలి.

ఇక అటునుంచి ఇటు వచ్చినవాళ్లు. అమెరికాలోని మిషిగన్‌లో పుట్టిన ఎస్తర్ షెర్మన్ భారతీయ నృత్యం మీద మక్కువతో రాగిణీదేవిగా పేరు మార్చుకుని 1930లో మన దేశానికి వచ్చింది. ఆమె కూతురు ఇంద్రాణీ రెహమాన్ 1952లో మిస్ ఇండియా. ఆ ఇంద్రాణి కోరాడ నరసింహారావు దగ్గర కూచిపూడి నేర్చుకుని, ఆయనతోనే కలిసి దేశదేశాల వేదికలెక్కింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న వాదన నడిచింది. మనవాళ్లు నొచ్చుకుని మరుసటి ఏడాదే హైదరాబాద్‌లో మరో సదస్సు పెట్టి సమాధానం చెప్పారు. సదస్సుల వాదనలు మనకు గుర్తున్నాయి. దాదాపు అదే కాలంలో విదేశీ ప్రేక్షకుల ముందు ఈ నాట్యాన్ని నిలబెట్టిన ఇంద్రాణినీ, కోరాడవారినీ మాత్రం సొంత జిల్లాలోనే ఎవరూ పెద్దగా తలచుకోరు. ఇది సరిదిద్దుకోవలసిన మరుపు.

తర్వాతి పెద్ద మలుపు మద్రాసు వలస. వేదాంతం రాఘవయ్య, వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి సినిమాల్లోకి వెళ్లారు. వెంపటి చినసత్యం 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, మగవాళ్లు స్త్రీవేషం కట్టే కళను ఆడపిల్లల చేతుల్లో పెట్టారు. ఇప్పుడు అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో పిల్లలు నేర్చుకుంటున్నది ఎక్కువగా ఆయన బాణీయే. అంటే విదేశాలకు చేరింది నేరుగా ఊరి నాట్యం కాదు, మద్రాసు చెక్కిన నాట్యం.

ప్రవాసుల ప్రభావం అసలు బలంగా కనిపించేది ఈ విదేశీ శిక్షణలోనే. ఏళ్ల తరబడి వారాంతపు తరగతులు, ఆ తర్వాత రంగప్రవేశం, దానికోసం ఇక్కడి నుంచి వెళ్లే గాయకులు, మృదంగం, వయొలిన్, నట్టువాంగం. వేసవి వచ్చిందంటే మన సంగీత విద్వాంసులు ఎందరికో అమెరికా ప్రయాణమే ఏడాది బతుకుతెరువు. కరోనా కాలం నుంచి ఆన్‌లైన్ పాఠాలు ఇంకా పెరిగాయి. ఈ ఆదాయం లేకపోతే చాలామంది గురువులు వృత్తి మానుకునేవారు. దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

కానీ డబ్బు ఎటు ప్రవహిస్తే కళ అటు వాలుతుంది. రంగప్రవేశానికి కావలసింది రెండు మూడు గంటల ఏకపాత్ర నృత్యాంశాలు: పూజానృత్యం, శబ్దం, పళ్లెం మీద తరంగం, తిల్లానా. మేళం ఆడే పూర్తి భామాకలాపానికి అందులో చోటు లేదు. ప్రవేశ దరువు ఒక్కటే మిగిలి, చెలికత్తె మాధవితో సత్యభామ సంవాదం జారిపోతుంది. నర్తకి తానే పాడి, తానే మాట్లాడి, హాస్యానికి బదులు చెప్పే వాచికాభినయమే కూచిపూడిని తక్కిన నాట్యాల నుంచి వేరు చేస్తుంది. తెలుగు ధారాళంగా రాని పిల్లకు అదే అన్నిటికంటే కష్టం. అందుకే ముందుగా రాలిపోయింది మాట. ఈ తప్పును పూర్తిగా ప్రవాసుల నెత్తిన రుద్దడం అన్యాయం. ఏకపాత్ర పద్ధతి మద్రాసులోనే బలపడింది. బెజవాడ బడుల్లో చదివే పిల్లలకూ ఆ సంవాదం నోరు తిరగడం లేదు.

ప్రవాసం తిరిగి పంపిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది రికార్డు కాదు, ప్రశ్న. అమెరికాలో కూచిపూడి నేర్చుకుని, అక్కడి విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులైన తెలుగు స్త్రీలు ఈ నాట్య చరిత్రను తిరగతోడారు. హర్షిత మృత్తింటి కామత్ 2019లో తెచ్చిన ‘ఇంపర్సనేషన్స్’ అగ్రహారంలోని బ్రాహ్మణ పురుషుల స్త్రీవేషాన్ని పరిశీలిస్తూ, ఆ కుటుంబాల ఆడవాళ్లకే రంగస్థలం ఎలా అందకుండా పోయిందో వాళ్ల మాటల్లోనే వినిపించింది. రమ్య పుచ్చా పరిశోధన కూచిపూడి శాస్త్రీయ హోదా ఎలా నిర్మితమైందో అడిగింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దేవదాసీ వంశాల కళావంతులు కూడా భామాకలాపం ఆడేవారని మనకు తెలుసు. 1947 దేవదాసీ నిషేధ చట్టం తర్వాత వాళ్ల పేర్లు వేదిక మీద నుంచి చెరిగిపోయాయి. ఇంటి దగ్గర ఉన్నవాళ్లం మొహమాటంతో అడగని సంగతులు ఇవి. దూరం నుంచి చూసినవాళ్లు అడిగారు. వాళ్లను కళాద్రోహులనడం సులువు, జవాబు చెప్పడమే కష్టం.

సిలికానాంధ్ర కూచిపూడి గ్రామాన్ని దత్తత తీసుకుని ఆసుపత్రి కట్టింది. మెచ్చుకోవలసిన పని. నాట్యానికి సంబంధించి మాత్రం ఇకపై ఖర్చు దిశ మారాలి. మరో రికార్డు కోసం వేల మందిని పోగుచేయడం కంటే, ఏటా ఆ ఊళ్లో తెల్లవార్లూ సాగే కలాపాలకు, యక్షగానాలకు మేళాన్ని నిలబెట్టడం మేలు. సూత్రధారికీ, హాస్యగాడికీ, గాయకుడికీ నెలవారీ భృతి ఇవ్వాలి. వచనం, దరువులు నేర్చుకోవడానికి ప్రవాస విద్యార్థులు వేసవిలో వచ్చి అక్కడే ఉండేలా ఏర్పాటు చేయాలి. కళావంతుల ఇళ్లలో మిగిలిన పాటా ఆటా ఆ పాఠాల్లో చేరాలి. ఉపకార వేతనాలంటూ పెడితే మొదటి పేర్లు ఇన్నాళ్లూ గడప లోపల నిలబడి తండ్రుల వేషాలు చూసిన కూచిపూడి ఆడపిల్లలవే రాయాలి.