పెట్టె విప్పండి, తోట నాటండి

కువైట్‌లో పరిచర్య చేసిన రోజుల్లో మేము ప్రార్థనల కోసం ఎన్నో గదులకు వెళ్లాం. ఫర్వానియాలో, జలీబ్‌లో ఒక్కో గదిలో ఆరేడుగురు ఉండేవారు. రాజంపేట వైపు వాళ్లు, కోనసీమ వాళ్లు, పశ్చిమ గోదావరి పల్లెల వాళ్లు. చాలా మంచాల కింద తాడుతో బిగించిన పెట్టె ఒకటి కనిపించేది. ‘ఇంకా విప్పలేదేం తమ్ముడూ?’ అని అడిగితే, ‘ఎందుకయ్యగారూ, ఉండేది రెండేళ్లేగా!’ అనేవారు. అలా అన్నవారిలో వచ్చి పదిహేనేళ్లయినవారూ ఉన్నారు. వీసాలు మారాయి, గదులు మారాయి, పెట్టె మాత్రం విప్పలేదు. నిజం చెప్పాలంటే, మొదటి ఏడాది మా పెట్టె కూడా అలాగే ఉండేది.

‘రెండేళ్లు’ అన్నమాట బైబిల్లోనూ ఉంది. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకుని, యూదా రాజైన యెకొన్యాను, అతనితోపాటు కంసాలులను, కమ్మరులను చెరపట్టుకుపోయాడు. కొంతకాలానికి హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు (యిర్మీయా 28). వినడానికి ఎంత తీయని మాట! కానీ దేవుడు ఆ మాట చెప్పలేదు. యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవారికి ఒక ఉత్తరం పంపాడు. అక్కడే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకుని వాటి ఫలాలు తినమన్నాడు, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనమన్నాడు. తమను చెరపట్టిన ఆ పట్టణం కోసమే ప్రార్థించమన్నాడు. దాని క్షేమంలోనే వారి క్షేమం ఉందన్నాడు. తిరుగు ప్రయాణం ఉంటుంది గానీ అది డెబ్బై ఏళ్ల తర్వాతేనని కూడా దాచకుండా చెప్పాడు (యిర్మీయా 29).

ఆ ప్రజలు నిజంగానే తోటలు నాటారా? నాటారనే సాక్ష్యం దొరికింది. బబులోను దేశపు మట్టిపలకలను కొన్నింటిని 2015లో యెరూషలేములోని బైబిల్ లాండ్స్ మ్యూజియంలో ప్రదర్శించారు. వాటిలో అన్నిటికన్నా పాతది క్రీ.పూ. 572 నాటిది. యూదా పేరుతోనే పిలవబడిన ఒక ఊరిలో యూదులు పొలాలు కౌలుకు చేసుకోవడం, శిస్తులు కట్టడం, అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ వాటిలో రాసి ఉన్నాయి. అయినా వారిలో చాలామంది పేర్లలో యెహోవా నామం కలిసే ఉంది. పరాయి నేలలో వేళ్లూనినా వారు తమ దేవుణ్ణి వదులుకోలేదు. దానియేలు ఇంటి కిటికీలు యెరూషలేము వైపు తెరిచి ఉండేవి. కానీ అతడు రోజూ వాకిలి దాటి వెళ్లింది బబులోను కొలువుకే. మన విశ్వాసికి ఆ కిటికీ కావాలి, ఆ వాకిలీ కావాలి.

చెరకు, వలసకు తేడా ఉంది. వారిని రాజు లాక్కుపోయాడు. మనవాళ్లు అప్పుచేసి టికెట్టు కొనుక్కుని వెళ్లారు. కానీ బతుకును వాయిదా వేసే శోధన మాత్రం ఒక్కటే. జమియాలో ఆపిల్ పండు చేతిలోకి తీసుకుని, దాని ధరను రూపాయల్లోకి మార్చుకుని, మెల్లగా అక్కడే పెట్టేసిన తమ్ముణ్ణి మేము చూశాం. కష్టపడేది దీనార్ల దేశంలో, ఆకలివేసేది అక్కడే, తినడం మాత్రం ఊరికెళ్లాకనా? పొదుపు మంచిదే. కానీ దేవుడిచ్చిన దేహాన్ని పస్తుపెట్టడం పొదుపు కాదు. నాలుగు అరబ్బీ మాటలు నేర్చుకోవడం, పక్కింటివారిని పలకరించడం, శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే మనస్ఫూర్తిగా ఆరాధించడం, ఇవన్నీ ఆ పట్టణంలో తోట నాటడమే.

అయితే, స్థిరపడమంటే అన్యాయానికి తలవంచమని అర్థం కాదు. ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్ల గురించి ఈ మాట తప్పక చెప్పాలి. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారికి వారానికొక రోజు సెలవు ఇవ్వాలి. వారి సమ్మతి లేకుండా వారి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి గడప దాటని ఒక సోదరి మాతో మాట్లాడుతూ, ‘దేవుడు ఇంతే రాశాడేమో అనుకున్నానయ్యగారూ’ అంది. ఆ మాటకు మేము సిగ్గుపడ్డాం. ఆమెకు కన్నీటి ప్రార్థన నేర్పాం గానీ, చట్టం సంగతి చెప్పలేదు. పట్టణ క్షేమాన్ని కోరే సంఘం అక్కడి చట్టాన్ని తెలుసుకోవాలి, రాయబార కార్యాలయానికి దారి చూపాలి. మోకరించినవాళ్లమే లేచి తోడు వెళ్లాలి.

ఇక ఇక్కడున్న మనం ఫోన్లో అడిగే ప్రశ్నలు రెండే: ‘ఎంత పంపుతున్నావు? ఎప్పుడొస్తున్నావు?’ అవతలివాళ్ల పెట్టెలకు తాళ్లు బిగించేది ఒక్కోసారి మనమే. ‘ఈ రోజు ఏం తిన్నావు? నీకక్కడ స్నేహితులున్నారా?’ అని అడిగి చూడండి. వారి బతుకు కూడా బతుకేనని వారికి గుర్తుచేసినవాళ్లవుతారు.

యేసుక్రీస్తు పరలోకం విడిచి మన మధ్య కాపురమున్నాడు. ఆయన పరిచర్య మూడున్నరేళ్లే. దానికి ముందు దాదాపు ముప్పై ఏళ్లు నజరేతులో వడ్రంగి పని చేసుకుంటూ, ఆ ఊరి మనిషిగా బతికాడు. ఆ ఏళ్లు వృథా అని తండ్రి అనలేదు. బాప్తిస్మమప్పుడు, ఇంకా ఒక్క అద్భుతమైనా చేయకముందే, ఈయనయందు ఆనందిస్తున్నానన్నాడు.

మేము తిరిగి వచ్చే ముందు ఒక గదికి వెళ్తే, కిటికీ దగ్గర ఖాళీ నూనె డబ్బాలో పుదీనా పచ్చగా కనిపించింది. ‘ఎవరు వేశారు?’ అని అడిగాం. ఆ పదిహేనేళ్ల తమ్ముడు నవ్వాడు. మంచం కింద పెట్టెకు తాడు లేదు.