కూలీల గొడుగు

పిల్లలూ! పెద్దపల్లిలో గాని మంచిర్యాలలో గాని మనం రైలెక్కేది నేల మీది ప్లాట్‌ఫారం నుంచే గదా! ఇంగ్లండులో, లివర్‌పూల్ రేవులోని పియర్ హెడ్ స్టేషను అలా కాదు. 2017లో మొదలైన హైదరాబాదు మెట్రోలాగే, దానికీ మెట్లెక్కి పోవలసి వచ్చేది. ఇనుప స్తంభాల మీద, 1893లో, కరెంటుతో నడిచిన రైలు! ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. వాన వస్తే రేవు కూలీలు దాని కిందుగా నడిచిపోయేవారు. అందుకే దానికి "కూలీల గొడుగు" అని పేరు వచ్చింది.

పై బండికి పొగ లేదు. కాని కింద సరుకుల బండ్లను లాగేవి బొగ్గు ఇంజన్లు. వాటి పొగా, ఆవిరీ కలిసి పైనున్న ఇనుప రేకులను ఏళ్ళ తరబడి తినేశాయి. మరమ్మతుకు 20 లక్షల పౌన్లు కావాలన్నారు. కంపెనీకి అంత డబ్బెక్కడిది? 1956 డిసెంబరు 30న ఆఖరి బండి నడిచింది. మరుసటి ఏడు స్తంభాలను కూల్చసాగారు. ఒక పెట్టె మాత్రం లివర్‌పూల్ మ్యూజియంలో భద్రంగా వున్నది.