గేటు బయటి యువత మనసు ఎవరి లెక్కలో ఉంది?

విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి ఇప్పుడు కోర్టులు కూడా మాట్లాడుతున్నాయి. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పి కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. మరి ఏ కాలేజీ రిజిస్టర్‌లోనూ పేరు లేకుండా నాంపల్లి స్టేషన్ ముందు పడుకునే పంతొమ్మిదేళ్ల కుర్రాడి సంగతేమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది. వాళ్లను లెక్కపెట్టింది ఫిబ్రవరి 28 ఒక్క రాత్రే. ఈ గుంపులో యువత ఎక్కడి నుంచి వచ్చి చేరుతోందో మనకు తెలియనిది కాదు. సెంటు భూమి లేని ఇంటి నుంచి కూలి అడ్డాకు వచ్చినవాళ్లున్నారు. కులాంతర పెళ్లి చేసుకుని ప్రాణభయంతో ఊరు విడిచిన జంటలున్నారు. ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్లలున్నారు. 18 నిండాయని బాలల గృహం నుంచి బయటికొచ్చినవాళ్లూ ఉన్నారు. అలా బయటికొచ్చినవాళ్లకు ఆర్థిక సాయం ‘అందించవచ్చు’ అని 2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ చెబుతుంది. ఇచ్చి తీరాలని చెప్పదు.

రోడ్డు మీద బతికేవాళ్లకు మొదట పోయేది నిద్ర. వాన పడితే లేవాలి, లాఠీ తగిలితే లేవాలి, సంచి పోకుండా కాపలా కాయాలి. ఆడపిల్లలు, ట్రాన్స్ యువత చాలామంది రాత్రంతా మేలుకుని పగలు జనం మధ్యలో కునుకు తీస్తారు. నెలల తరబడి ఇలా సాగితే ఎవరికైనా దిగులు, భయం, అనుమానం పెరుగుతాయి. అప్పటికే జబ్బు ఉంటే ముదురుతుంది. ఆకలి తెలియకుండా, కాసేపు కన్ను మూతపడటానికి కొందరు చౌక మందు తాగుతారు, వైట్‌నర్ పీలుస్తారు. చూసేవాళ్లకు మాత్రం అతను తాగుబోతు, దొంగ, లేదంటే పిచ్చోడు.

చట్టం ఇలా చూడమనలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇల్లు లేనివాళ్లకు ఉచిత వైద్యం హక్కుగా ఇచ్చింది. పేదలు దారిద్ర్య రేఖ కార్డు చూపించాల్సిన పనికూడా లేదని అందులో స్పష్టంగా రాశారు. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇది 100వ సెక్షన్. ఓపీ కౌంటర్ దగ్గరికి వెళ్తే మాత్రం ఆధార్ ఏది, వెంట ఎవరొచ్చారు అనే ప్రశ్నలే. సలహా కావాలంటే 14416కు ఫోన్ చేయమంటారు. ఫోన్ ఉంటేగా! మందులు రాసిచ్చినా ఫుట్‌పాత్ మీద ఎక్కడ దాచుకోవాలి? ఖాళీ కడుపుతో ఎలా మింగాలి?

వైద్యానికి దొరకని ప్రభుత్వం ఊడ్చేయడానికి వెంటనే దొరుకుతుంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. రోడ్ల మీదివాళ్లను పట్టుకుని జైలు ఆవరణల్లో నడిపిన కేంద్రాలకు తరలించారు.

ఇదంతా యూనివర్సిటీకి దూరపు సంగతి అనుకునేవాళ్లకు ఒకటి గుర్తు చేస్తాం. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలివేయబడ్డ ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్‌లోనే ఆరుబయట పడుకున్నారు. ఆ గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. రోహిత్ వేముల అందులో ఒకడు. హాస్టల్ గదికి తాళం పడితే అగ్రకుల విద్యార్థికి నగరంలో బాబాయి ఇల్లో, స్నేహితుడి ఫ్లాటో ఉంటుంది. మన పిల్లలకు చాలాసార్లు ఆ గదే ఇల్లు. కౌన్సెలర్‌ని పెట్టామని చెప్పుకునే సంస్థలు ఆ తాళం గురించి మాట్లాడవు. కౌన్సెలింగ్ వద్దని మేం అనడం లేదు. గది లాక్కుని ధైర్యం చెప్పడం వైద్యం ఎలా అవుతుందో చెప్పమంటున్నాం.

పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. ప్రతి షెల్టర్‌కూ వారానికోసారి జిల్లా మానసిక ఆరోగ్య బృందం మందులతో సహా రావాలి. కులాంతర జంటలకు జిల్లా కేంద్రాల్లో రక్షణ గృహాల ఏర్పాటును పరిశీలించాలని 2018లో శక్తి వాహిని కేసులో కోర్టు సూచించింది. మీ జిల్లాలో ఉందో లేదో కలెక్టర్ కార్యాలయంలో సమాచార హక్కు కింద అడగండి.

ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తే ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కార్డు లేదని తిప్పి పంపితే 18వ సెక్షన్ చూపించి, ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. అదే చట్టం 27వ సెక్షన్ ఉచిత న్యాయ సాయం కూడా ఇస్తుంది కనుక అక్కడి నుంచి నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. 2027 జనగణనలో ఈసారి కులం కూడా అడుగుతారు. ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే రాత్రి మీ ఊరి బస్టాండులో, స్టేషన్‌లో ఎవరెవరు పడుకుంటున్నారో ఇప్పటి నుంచే తెలుసుకుని పెట్టుకోండి.