పాలు మానేసినా ఆగని నష్టం: గెలాక్టోసీమియా ఆడపిల్లల మాటేంటి?

పసిబిడ్డకు తల్లిపాలను మించింది లేదంటాం. కానీ గెలాక్టోసీమియా అనే వంశపారంపర్య జబ్బుతో పుట్టిన బిడ్డకు ఆ పాలే ప్రాణం మీదికి తెస్తాయి. పాల చక్కెరలో ఉండే గెలాక్టోజ్‌ను శరీరం వాడుకోవాలంటే గాల్ట్ అనే ఎంజైమ్ కావాలి. అది లేకపోతే కొద్ది రోజుల్లోనే వాంతులు, కామెర్లు మొదలై కాలేయం దెబ్బతింటుంది. వెంటనే పాలు ఆపి సోయా పాలపొడి పడితే చాలామంది పిల్లలు బతికి బయటపడతారు. పాశ్చాత్య దేశాల్లో సుమారు 40 నుంచి 60 వేల మందిలో ఒకరికి వచ్చే అరుదైన జబ్బు ఇది.

బిడ్డ గండం గట్టెక్కిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు పదేళ్ల తర్వాత బయటపడుతుంది. ఈ జబ్బున్న ఆడపిల్లల్లో 80 శాతానికి పైగా అండాశయాలు చిన్న వయసులోనే నీరసించిపోతాయి. కొందరు రజస్వల కారు, మరికొందరికి నెలసరి మొదలై కొన్నేళ్లకే ఆగిపోతుంది. పాలు, పెరుగు ముట్టకుండా పెంచినా ఇంతే. 1981లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ సంగతి వచ్చింది. మగపిల్లల సంతాన సామర్థ్యం మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది. ఈ తేడా ఎందుకో సైన్స్ ఇంకా తేల్చలేదు.

అందుకే 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు వయసులు కూడా చెప్పాయి. 12 ఏళ్లకు యవ్వన లక్షణాలు సరిగా కనిపించకపోయినా, 14 ఏళ్లకు నెలసరి క్రమంగా రాకపోయినా హార్మోన్ పరీక్షలు చేయించాలి. అవసరమైతే ఈస్ట్రోజన్ మొదలుపెడతారు. ఇది పిల్లల కోసమే ఇచ్చే మందు కాదు, ఎముకలు గుల్లబారకుండా కూడా కావాలి.

అలాగని "ఈ పిల్లకు ఇక పిల్లలు పుట్టరు" అని ముద్ర వేయడం తప్పు. అండాశయాలు బలహీనపడ్డాక కూడా సహజంగానే గర్భం దాల్చినవాళ్లు ఉన్నారు. గర్భసంచిలో లోపమేమీ ఉండదు కాబట్టి దాత అండంతో ఐవీఎఫ్ కూడా సాధ్యమే. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం 23 నుంచి 35 ఏళ్ల మధ్య స్త్రీ జీవితంలో ఒక్కసారే అండం ఇవ్వాలి, అమ్మకూడదు. అయితే మూడో మనిషి అండాన్ని సున్నీ ఉలమాల్లో ఎక్కువమంది ఒప్పుకోరు, ఇరాన్‌లోని కొందరు షియా ఉలమాలు అనుమతించారు. ఈ దారి వద్దనుకునే కుటుంబానికి ముందుగా తెలియడం ఇంకా ముఖ్యం. అండాశయ కణజాలాన్ని చిన్నప్పుడే తీసి భద్రపరిచే పద్ధతి ఈ పిల్లల విషయంలో ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

రిష్తా మాటలప్పుడు దాచిపెట్టడం మనకు కొత్త కాదు. నిఖా అయ్యాక తెలిస్తే నింద మొత్తం అమ్మాయి నెత్తిన పడుతుంది. నిజానికి ఈ జన్యు లోపం అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి కలిస్తేనే జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. మేనరికాల్లో, దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో ఈ ముప్పు పెరుగుతుంది. ఒక బిడ్డకు జబ్బు తేలితే, తర్వాతి కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోవాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి.

పుట్టిన బిడ్డ మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీస్తే జబ్బు అప్పుడే దొరికిపోతుంది. కేరళ తన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే నవజాత పరీక్షల్లో దీన్ని చేర్చింది. దేశమంతటా తప్పనిసరి మాత్రం కాలేదు. మిగతా చోట్ల ఎక్కువగా అడిగినవాళ్లకు, డబ్బు కట్టగలిగినవాళ్లకే ఈ పరీక్ష అందుతోంది.