ఎవురికీ బరువు కాకుండా

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం ముందు మా అవ్వ ఎప్పుడూ కోరింది ఒక్కటే: "ఎవురికీ బరువు కాకుండా కొండబో సామీ." 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేశాడని భక్తులు కొలిచే యతి ఆయన. తన వేళను తానే నిర్ణయించుకున్నాడు. అవ్వ మాత్రం చావు దగ్గర కూడా చూసుకున్నది కోడలి తీరికనే.

కారుణ్య మరణం గురించి రాసేవాళ్లు వ్యక్తి స్వేచ్ఛతో మొదలుపెట్టి తీర్పులతో ఆపేస్తారు. మంచం పక్కన ఉన్నదెవరు? 2004లో కండరాల క్షీణతతో హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్న పాతికేళ్ల వెంకటేష్, అవయవాలు పాడుకాకముందే దానం చేసి పోతానన్నాడు. ఆ కోరికను హైకోర్టుదాకా మోసింది తల్లి సుజాత. కోర్టు కాదంది. ముంబైలో 1973లో లైంగిక దాడికి గురై మంచాన పడిన నర్సు అరుణా శాన్‌బాగ్‌ను 2015లో పోయేదాకా సాకింది తోటి నర్సులు. ఆమె తరఫున మాట్లాడే అర్హత, రక్తసంబంధం లేకపోయినా, ఆ ఆసుపత్రి సిబ్బందిదేనని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పులో నాకు ముఖ్యమైన మాట అదే. మనవాళ్లు దాన్ని పట్టించుకోలేదు.

2018లో అదే కోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది. 2023లో ముందస్తు వీలునామాకు మేజిస్ట్రేటు అక్కర్లేదనీ, ఇద్దరు సాక్షులూ నోటరీ ఉంటే చాలనీ అంది. మంచిదే, నేను వ్యతిరేకిని కాను. కానీ బరువు కాకూడదని పుట్టినప్పటినుంచీ నేర్పించిన ఆడమనిషి ఆ కాగితం మీద వేసే వేలిముద్రను స్వేచ్ఛ అని ఎలా రాసుకుంటాం? నొప్పికి మందూ, పక్క మార్చే మనిషీ దొరకనిచోట ఆ కారుణ్యం ఎవరిమీద?

ఆఖరి ఏడాది అవ్వ మంచం పట్టింది. కొడుకులు వచ్చి చూసిపోయారు. ఎత్తి, కడిగి, పక్క మార్చింది మా అమ్మ. నడుం పట్టేసిన అమ్మ ఇప్పుడు బృందావనం ముందు నిలబడి అదే కోరుతోంది.